విందులో కలిసిన ఊరు

యాత్రలను గూర్చి వ్రాసేవారికి దారిలో క్రొత్త మనుష్యులు తారసపడటం సహజం. బండిలోనో, సత్రంలోనో, రేవులోనో ఎవరో ఒకరు కలిసి, మనం వెదకని సంగతి ఒకటి చెప్పి పోతారు. కాని నేను ఈ సాయంత్రం మనవి చేయబోయే పరిచయాలు ప్రయాణంలో కలిగినవి కావు. చెన్నపట్నంలో ఒక పెద్ద హోటలులో, తెల్లని గుడ్డ పరచిన బల్ల ముందు, చేతులు కడుక్కొని భోజనానికి సిద్ధంగా కూర్చొని ఉన్నప్పుడు కలిగినవి.

సెప్టెంబరు 27వ తేదీని ప్రపంచ పర్యాటక దినంగా 1980 నుంచి పాటిస్తున్న విషయం శ్రోతలలో చాలామందికి తెలిసినదే. 1970లో అదే తేదీన ప్రపంచ పర్యాటక సంస్థ నిబంధనావళి ఆమోదం పొందినది గనుక ఆ తేదీని నిర్ణయించారు. ఆ సందర్భాన్ని పురస్కరించుకొని పర్యాటక వ్యాపారులు కొందరు ఒక రాత్రి విందు ఏర్పాటు చేశారు. యాత్రావిషయాలపై అప్పుడప్పుడు వ్రాస్తూ, రేడియోలో మాట్లాడుతూ ఉంటాను గనుక నాకు కూడా ఆహ్వానం వచ్చినది.

నేను కూర్చున్న బల్ల వద్ద హోటళ్ళ యజమానులు ఇద్దరు, బస్సులు నడిపే వారొకరు, టిక్కెట్లు, బసలు సమకూర్చే వ్యాపారస్థులు మరి ముగ్గురు ఉన్నారు. అందరూ మర్యాదస్థులే, తమ తమ పనులలో ఆరితేరినవారే. వారి సంభాషణలో నాకు క్రొత్తగా తోచినది ఒక్కటే. వారు ఊళ్ళను రాత్రులతో కొలుస్తారు. ఫలానా ఊరు రెండు రాత్రుల ఊరు, ఫలానాది ఒక రాత్రి ఊరు. యాత్రికుడు ఒక్క రాత్రి అయినా బస చేయని ఊరు వారి లెక్కలోనికి రాదు. వ్యాపారానికి ఆ కొలత తప్పదేమో. నేను కూడా తల ఊపుతూ విన్నాను.

అప్పుడు నా ప్రక్కనున్న పెద్దమనిషి, "నెల్లూరు పడమటి వైపు ఏమైనా ఉన్నదా అండీ? మీరు ఆ ప్రాంతమంతా తిరిగినవారు కదా" అని అడిగారు. నేను తడుముకోకుండా, "ఉత్తరాన ఉదయగిరి కోట ఉన్నది. పెన్న ఒడ్డున సోమశిల ఉన్నది. దక్షిణాన పెంచలకోన నరసింహస్వామి ఉన్నాడు. మధ్యలో ఏమీ లేదు" అన్నాను. ఇంతకుముందు ఒక ప్రసంగంలో కూడా దాదాపు ఇవే మాటలు చెప్పి ఉన్నాను. ఒకసారి నోటికి వచ్చిన మాట రెండవసారి మరింత సులువుగా వస్తుంది.

ఆ సమయంలో నా గ్లాసులో నీళ్ళు పోస్తున్న కుర్రవాడి చేయి ఒక క్షణం ఆగినది. ఏమీ అనక, నీళ్ళు నింపి వెళ్ళిపోయాడు. విందు ముగిసి, అందరూ లేచి మాటలలో పడినప్పుడు, నా వద్దకు వచ్చి మెల్లగా అన్నాడు:

"తప్పుగా అనుకోబాకండి సార్. మాది కలువాయి. మధ్యలో ఏమీ లేదన్నారే, ఆ మధ్యలోది."

నాకు ఏమి చెప్పవలెనో తోచలేదు. అతడే మళ్ళీ, "మీరు రేడియోలో చెప్పింది మా నాయన కూడా విన్నాడు సార్. ఆ రోజు ఫోన్ చేసి, మన దోవంతా చెప్పినాడురా, మన ఊరి పేరు మాత్రం చెప్పలేదు అన్నాడు" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"ఇప్పుడు మీకు పోసిన నీళ్ళు గూడా మా ఊరి పక్కనుంచి వచ్చేటివే సార్" అని నవ్వి, ఎంగిలి పళ్ళాలు తీయటానికి వెళ్ళాడు.

అతడు అన్న మాటలో ఎంత నిజమున్నదో శ్రోతలకు వివరించటం నా విధి. చెన్నపట్నానికి త్రాగునీరు ఇచ్చేందుకై కృష్ణానదిలో తమ వాటా నుండి తలా అయిదు టి.ఎం.సి.లు వదలుకొనటానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు 1976లో అంగీకరించినవి. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరినది. దారిలో ఆవిరైపోయేది, ఇంకిపోయేది మూడు టి.ఎం.సి.లుగా లెక్కగట్టి, తమిళనాడు సరిహద్దుకు పన్నెండు చేరవలెనని నిశ్చయించారు. శ్రీశైలం వద్ద బయలుదేరిన కృష్ణ నీరు రాయలసీమ గుండా వచ్చి పెన్నలో కలుస్తుంది. పెన్న వెలిగొండలను చీల్చుకొని మైదానంలోనికి దిగేచోట సోమశిల జలాశయమున్నది. అక్కడి నుంచి ఒక కాలువ కలువాయి ప్రాంతం మీదుగా, రాపూరు వైపుగా సాగి కండలేరు జలాశయాన్ని చేరుతుంది. కండలేరు నుంచి మరొక కాలువ సుమారు నూటయాభై కిలోమీటర్లు నడచి, తమిళనాడు సరిహద్దు దాటి పూండి చెరువుకు పోతుంది. ఆ నీరు మొట్టమొదట తమిళనాడు సరిహద్దు తాకినది 1996లో.

చెన్నపట్నానికి వేరే చెరువులున్నవి. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలున్నవి. ఆ రాత్రి నా గ్లాసులోని నీటిలో పెన్న పాలు ఎంతో, కృష్ణ పాలు ఎంతో, సముద్రం పాలు ఎంతో ఎవరూ చెప్పలేరు. అయినా ఆ కుర్రవాడి మాట కాదనటానికి వీలులేదు. సోమశిల నీటి క్రింద కడప జిల్లా గ్రామాలు అనేకం మునిగిపోయిన సంగతి కూడా ఆ గ్లాసు ముందు కూర్చున్న మాకెవ్వరికీ జ్ఞాపకం రాలేదు. రాత్రులతో ఊళ్ళను కొలిచే లెక్కలో, నీళ్ళిచ్చిన ఊళ్ళకు చోటెక్కడిది?

రెండవ పరిచయం కూడా ఆ కుర్రవాని చలవే. అతిథులకందరికీ జ్ఞాపికగా ఒక్కొక్క చిన్న పెట్టె ఇచ్చారు. తెరచి చూస్తే, సన్నని పనితనంగల కొయ్య చెంచా ఒకటి, ముళ్ళ చెంచా ఒకటి. పెట్టె మీద "హస్తకళ" అని మాత్రమే అచ్చు వేసి ఉన్నది. అది చూసి కుర్రవాడు, "ఇవి ఉదయగిరి చెంచాలు సార్. చేసే అక్క ఆడనే ఉండాది, రండి" అని నన్ను హాలు చివరకు తీసుకొనిపోయాడు.

అక్కడ ద్వారబంధం ప్రక్కన ఒక చిన్న బల్ల వెనుక, నడివయస్సు దాటుతున్న ఒక స్త్రీ కూర్చొని, తెచ్చిన సరుకు మూట కట్టుకుంటున్నది. అతిథులు చూచి ఆనందించేందుకు ఆమెను ఉదయగిరి నుంచి పిలిపించారట. నేను లోపలికి వచ్చేటప్పుడు ఆమె ముందునుంచే వచ్చి ఉండాలి. చూచిన గుర్తు లేదు.

ఉదయగిరి కొయ్య చెంచాల పని తరతరాలుగా వస్తున్నది. ఆ చుట్టుపట్ల కొండలలో దొరికే నర్ది, బిక్కి వంటి చెట్ల కొయ్యను ఇందుకు వాడుతారు. కొయ్యను ముక్కలుగా కోసి, చెక్కి, ఆకురాయితో అరగదీసి, పిడి మీద సన్నని జాలి పని చేస్తారు. ఈనాడు ఈ పనిలో ఎక్కువమంది స్త్రీలే. ఈ వస్తువులకు ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అంటే మరి ఏ ఊరిలో చేసిన చెంచానూ ఉదయగిరి చెంచా అని అమ్మటానికి వీలులేదని శాసనం. ఇక్కడ జరిగినది దానికి తలక్రిందులు. ఉదయగిరిలో చేసిన చెంచాను ఏ ఊరిదీ కానట్లు పంచిపెట్టారు.

ఆమె నా చేతిలోని పెట్టెను అటూ ఇటూ త్రిప్పి చూచి, "ఊరి పేరు వేయలేదా సార్ దీని మీద?" అని అడిగినది. లేదన్నాను. "పోనీలెండి. చెంచా మాత్రం మాదే" అన్నది. కొంచెం ఆగి, "మా కొండ మీది కృష్ణుడు కూడా ఈ ఊళ్ళోనే ఉండాడంట సార్. చిన్నప్పుడు మా బళ్ళో అయ్యవారు చెప్పేవాడు. ఇంత దూరం వచ్చి గూడా చూసే వీలు లేకపోయింది. తెల్లారితే బస్సు" అన్నది.

ఆమె చెప్పినది చరిత్ర. కృష్ణదేవరాయలు 1513లో గజపతుల ఏలుబడిలోని ఉదయగిరిని ముట్టడించి, చిరకాలం పోరాడి, 1514లో దుర్గాన్ని పట్టుకొన్నాడు. విజయ చిహ్నంగా అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, గొప్ప ఆలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. రాజ్యం పోయినది, ఆలయం పాడుపడినది. ఆ బాలకృష్ణుడు తిరిగి తిరిగి, చివరకు చెన్నపట్నం ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి చేరాడు. ఉదయగిరి కోటను గూర్చి నేను వ్రాసినది తక్కువ కాదు. రాయల ముట్టడిని వర్ణించాను, బురుజులను లెక్కపెట్టాను. ఆ కొండ క్రింద కూర్చొని కొయ్య చెక్కుతున్నవారికి ఆ కృష్ణుడు ఇంకా తమవాడేనన్న సంగతి మాత్రం నాకు తెలియదు. తెలుసుకొనటానికి ఆగలేదు.

మేము మాట్లాడుతుండగా కలువాయి కుర్రవాడు ఒక పళ్ళెంలో అన్నం, కూరలు తెచ్చి ఆమె ముందు పెట్టి, "తిను అక్కా, మళ్ళీ వంటిల్లు కట్టేస్తారు" అన్నాడు. విందుకు పిలిచి తీసుకొనివచ్చిన మనిషి అంతవరకు భోజనం చేయలేదు. ఆ సంగతి అడగవలెనని పావుగంట నుంచి ఆమెతో మాట్లాడుతున్న నాకు తోచలేదు. వడ్డించే పిల్లవానికి తోచినది.

ఆ రాత్రి బసకు తిరిగి వచ్చిన తరువాత నాకు ఏనుగుల వీరాస్వామయ్య గారు జ్ఞాపకం వచ్చారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆ మహనీయుడు 1830 మే నెలలో ఇదే పట్టణం నుంచి బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. ఆ గ్రంథంలో క్షేత్రమాహాత్మ్యాలతోపాటు మజిలీ మజిలీకీ అంగళ్ళు ఉన్నవా, నీరు మంచిదా, దారి ఎట్లా ఉన్నది, వెనుక వచ్చేవారికి ఏమి దొరుకుతుంది అన్న వివరాలు కనిపిస్తవి. చిన్న ఊరని ఆయన దాటిపోలేదు. దాహం వేసినవానికి నీళ్ళిచ్చిన ప్రతి ఊరూ ఆయన పుస్తకంలో ఊరే. పల్లకిలో, బోయీల భుజాల మీద పోయిన ఆయన కంటికి ఆనినది, మోటారులో కిటికీ ప్రక్కన కూర్చొని పోయిన నా కంటికి ఆనలేదు.

తరువాత కొన్ని వారాలకు సెలవు పెట్టి కలువాయికి వెళ్ళాను. కుర్రవాని తండ్రి ఊరి మొగదలనే ఎదురువచ్చారు. డెబ్బయి ఏళ్ళ రైతు. నన్ను చూడగానే, "గొంతు పట్టి గుర్తుపట్టేస్తానని మావాడితో అన్నాను. ఏదీ, రెండు మాటలు మాట్లాడండి" అన్నారు. నేను క్షమాపణ చెప్పుకొన్నాను. "ఆఁ, ఈ గొంతే" అని నవ్వి, నన్ను కాలువ చూపించటానికి తీసుకొనిపోయారు.

సాయంకాలం. పడమట వెలిగొండలు నీలంగా ఉన్నవి. గట్టు మీద నిలుచుంటే క్రింద నీరు చప్పుడు లేకుండా దక్షిణంగా పోతున్నది. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత ఆయన అన్నారు: "నీళ్ళు పోతే తప్పులేదు సార్. దప్పికైనోళ్ళకు ఇయ్యాల్సిందే. అయితే నీళ్ళు పోయిన దోవనే మా పిల్లకాయలు గూడా పోతా ఉండారు. నీళ్ళకన్నా లెక్క ఉండాది, ఇన్ని టి.ఎం.సి.లు అని. వీళ్ళకు లెక్క లేదు."

ఆ మాటకు నా వద్ద సమాధానం లేదు. పర్యాటకుల కొరకు కలువాయిలో హోటళ్ళు కట్టవలెనని చెప్పటం నా ఉద్దేశం కాదు. ఆయన కూడా అది కోరలేదు. బస్సెక్కేముందు మాత్రం, "ఈసారి చెప్పేటప్పుడు మా ఊరి పేరు చెప్తారు గదా?" అని అడిగారు. చెబుతానన్నాను.

ఆయన ఇప్పుడు రేడియో ముందు కూర్చొని ఉంటారు. అందుచేత నా పూర్వ ప్రసంగంలోని పొరపాటును సవరించుకొని సెలవు తీసుకుంటాను. శ్రోతలారా, సోమశిలకు, పెంచలకోనకు మధ్య ఒక ఊరున్నది. దాని పేరు కలువాయి.