వాట్ మిసాకా: మూడు ఆటల చరిత్ర



1891వ సంవత్సరమున అమెరికాదేశమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు రెండు పండ్లబుట్టలను ఎత్తున కట్టించి, వానిలో బంతిని వేయుటయే పందెముగా నొక ఆటను కల్పించెను. అదియే బాస్కెట్‌బాల్. పొడగరుల ఆటయని పేరుగన్న దీనిలో అయిదడుగుల ఏడంగుళముల మిసాకా చరిత్రకెక్కెను.

ఆతడు 1923 డిసెంబరు 21వ తేదీన యూటా రాష్ట్రమందలి ఆగ్డెన్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులు జపానునుండి వలసవచ్చినవారు. తండ్రి క్షురకవృత్తిచే కుటుంబమును పోషించుచు, కుమారుడు పాఠశాలలో నుండగనే గతించెను. తల్లియే బిడ్డలను పెంచెను.

1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేసెను. మరుసటి యేడు అమెరికా ప్రభుత్వము పడమటి తీరమందలి జపాను సంతతివారిని లక్షమందికి పైగా నిర్బంధ శిబిరములకు తరలించెను. ఆగ్డెన్ ఆ హద్దులకు వెలుపల నుండుటచే మిసాకా కుటుంబమునకు ఆ విపత్తు తప్పెను. స్వజాతివారు ముండ్లతీగెల నడుమ నున్న ఆ దినములలోనే, 1944లో, ఆతడాడిన యూటా విశ్వవిద్యాలయపు జట్టు డార్ట్‌మత్ జట్టును 42–40తో నోడించి జాతీయ కళాశాలల విజేత యయ్యెను.

పిమ్మట ఆతడు సైన్యమున చేరెను. అణుబాంబుచే ధ్వంసమైన హిరోషిమాలో, బాంబు ఫలితములనుగూర్చి ప్రజల నడిగి తెలిసికొను పని ఆతనికి లభించెను. తలిదండ్రుల దేశమున ఆతడు విజేతల సైనికుడు. పుట్టినదేశమున పలువురి కంటికి శత్రుజాతివాడు.

తిరిగివచ్చి 1947లో న్యూయార్కున జరిగిన ఆహ్వానపోటీ తుదియాటలో కెంటకీ జట్టునెదిర్చెను. ప్రసిద్ధుడైన రాల్ఫ్ బియర్డునకు ఒక్క పాయింటుకన్న దక్కనీయలేదు. యూటా 49–45తో గెలిచెను. ఆ యేడే న్యూయార్క్ నిక్స్ జట్టు ఆతనిని చేర్చుకొనెను. నేటి ఎన్.బి.ఏ.గా పరిణమించిన ఆ సంఘమున శ్వేతేతరులలో ప్రథముడు మిసాకాయే. కాని మూడు ఆటలు, ఏడు పాయింట్లు—అంతటితో ఆతడు తొలగింపబడెను.

ప్రఖ్యాతమైన హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ జట్టు పిలిచినను ఆతడు పోలేదు. స్వగృహమునకు మరలి, ఆగిన ఇంజనీరింగు చదువును పూర్తిచేసి, ఆ వృత్తిలోనే జీవించెను. 2019 నవంబరు 20న, 95వ యేట, పరమపదించెను.

ఆట ఆతనిని కొన్ని వారములలో విడిచెను. చదువు జీవితాంతము విడువలేదు. యువకులు గమనింపదగినది ఇదియే.