పాట నేర్పేవారికి పాఠము

(సంఘము సంవత్సరాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



2025 ఉగాదితో మొదలైన సంవత్సరమునకు విశ్వావసు అని పేరు. విశ్వావసువు గంధర్వుడు; వీణ వాయించుటలో గొప్పవాడని పురాణ ప్రసిద్ధి. గంధర్వుని పేరిట వచ్చిన ఏడు గనుక సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. త్యాగరాజస్వామిని గూర్చియో క్షేత్రయ్యను గూర్చియో చెప్పగల విద్వాంసులు ఈ సభలోనే ఉన్నారు. నేను బడిపంతులు వృత్తిలో తల నెరిసినవాడను. అందుచేత అంతకన్న చిన్న విషయమొకటి ఎన్నుకొన్నాను. మూడేండ్ల పిల్లలకు, అయిదేండ్ల పిల్లలకు పాట చెప్పే పంతులమ్మకు ఆ పని ఎవరు నేర్పుతున్నారు? ఇదే నా ప్రశ్న.

పిల్లలకు సంగీతము రావలెనని మనకందరికీ ఉన్నది. ఏడెనిమిదేండ్లు రాగానే భాగవతారుగారి వద్దకో పాటల టీచరమ్మ వద్దకో పంపుతాము. అక్కడ సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు, పిళ్ళారి గీతములు క్రమముగా సాగుతాయి. ఈ క్రమమును ఏర్పరచినవారు పురందరదాసులవారని సంప్రదాయము చెబుతున్నది. ఆ మెట్లను వంక పెట్టగలవారు లేరు. కాని ఆ మెట్ల వరకు నడిచి వచ్చే కాళ్ళు ముందుగా తయారు కావలెను గదా! శ్రుతిని పట్టగల చెవి, లయను పట్టగల చేయి, మాటను తేటగా పలుకగల నాలుక, ఈ మూడును మూడవ ఏట మొదలై ఎనిమిదవ ఏటికి చాలవరకు కుదురుకొనవలసినవి. ఆ వయస్సులో బిడ్డ భాగవతారు చేతిలో ఉండదు. అంగన్‌వాడీ టీచరు చేతిలోనో, ఒకటవ తరగతి పంతులమ్మ చేతిలోనో, మన సంఘపు ఆదివారపు బడిలో పాఠము చెప్పే గృహిణి చేతిలోనో ఉంటుంది.

ఆమెను పాట చెప్పమంటే ఏమంటుంది? “నాకు సంగీతము రాదండీ” అంటుంది. పెట్టెలో పాట పెట్టి పిల్లలను ఆడమంటుంది. లేదా గొంతు బాగున్న ఇద్దరిని ముందు నిలిపి, మిగిలిన పదిమందిని వెనుక చేతులు కట్టుకొని నిలుచోమంటుంది. తప్పు ఆమెది కాదు. ఆ పనికి ఆమెను ఎవరూ సిద్ధపరచలేదు. అక్షరములు చెప్పుటకు శిక్షణ కలదు, లెక్కలు చెప్పుటకు కలదు. పాట మాత్రము దానంతట అదే వచ్చునని అనుకొన్నాము.

ఈ లోటు ఎక్కడైనా లోటే. మనబోటి ప్రవాసులకు మరింత లోటు. మన పూర్వులలో కొందరు నాయకరాజుల కాలముననే ఈ తమిళనాటికి వచ్చి స్థిరపడినారు. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి తెలుగున కీర్తనలు చెప్పినారు. తమిళ విద్వాంసులు నేటికీ వాటి అర్థము అడిగి తెలుసుకొని భక్తితో పాడుతారు. కాని మన యింటి మూడవ తరము పిల్ల తెలుగు అక్షరము ఎరుగదు. బడిలో తమిళము, ఇంగ్లీషు. 2006లో వచ్చిన చట్టము ప్రకారము ఇక్కడ పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి. ఉన్నచోటి భాష నేర్వవలసినదే, దానిని గౌరవింపవలసినదే. అందులో వివాదము లేదు. అయితే తెలుగుకు మిగిలిన స్థలమెంత? అమ్మమ్మ ఒడి, వారమున కొక పూట సంఘపు బడి. షోలాపురములోను, బెంగుళూరులోను ఉన్న మన బంధువులు చెప్పేదీ ఇదే. ఆ కొద్ది స్థలములో బిడ్డ చేత తెలుగు పలికించగల సాధనములలో పాటను మించినది నాకు కనిపించలేదు.

ఎందుచేతనో చెబుతాను. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికి ఒకే అక్షరము. ఆ లిపితో పెరిగిన మన పిల్లకు ఒత్తుల తేడా చెవిన పడదు. అట్లే దీర్ఘము. ‘పడు’ అన్న మాటకు ‘పాడు’ అన్న మాటకు ఎంత తేడా! మాటలలో అయితే ఆ తేడా జారిపోతుంది. పాటలో జారుటకు వీలులేదు. హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు మాత్రలు. తక్కువ పలికితే తాళము తప్పుతుంది. వ్యాకరణము చెప్పనక్కరలేదు, చేయే దిద్దుతుంది.

ఒక చిన్న ఆట చూడండి. పిల్లలను గుండ్రముగా కూర్చోబెట్టి పేర్లకు చప్పట్లు వేయించవలెను. ‘సీత’ అంటే మూడు మాత్రలు, తకిట. ‘రాముడు’ అంటే నాలుగు, తకధిమి. ‘సీతమ్మ’ అంటే అయిదు, తక తకిట. పదినిమిషములలో తిశ్రము, చతురశ్రము, ఖండము పిల్లల అరచేతులలోకి వస్తాయి. ఆ పేర్లు వారికి ఇప్పుడే తెలియనక్కరలేదు, పంతులమ్మకు తెలిసితే చాలును. మన చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, కోలాటము, గొబ్బి అన్నీ ఈ విద్యాలయములోనివే. వాటిని పాఠముగా మలచుకొనే నేర్పు పంతులమ్మకు కావలెను. ఆ నేర్పు శిక్షణ వలన వస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే అనుకొనవద్దు. పసిపిల్లల విద్యను బాగుచేసిన పెద్దలందరూ ముందుగా ఉపాధ్యాయుల మీద దృష్టి పెట్టినారు. గుజరాతులో గిజుభాయి బధేకాగారు 1920లో భావనగరమున బాలమందిరము తెరచి, కొద్ది యేండ్లకే ఉపాధ్యాయులకు అధ్యాపన మందిరము పెట్టినారు. వారితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్‌గారు 1945లో మహారాష్ట్రమున బోర్డీ గ్రామము చేరి పేద పిల్లల కొరకు బాలవాడీలు నడిపినారు. 1939లో మేరియా మాంటిసోరిగారు మన మద్రాసుకే వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. ఆమె పద్ధతిలో చెవికి పనిపెట్టే గంటలు కలవు. చూచుటకు అన్నీ ఒకే తీరు, ఒకే పరిమాణము. ధ్వని మాత్రమే వేరు. ఒకే ధ్వని గల రెండు గంటలను బిడ్డ వెదకి జతచేయవలెను. కన్ను సాయపడదు గనుక చెవి మేల్కొంటుంది.

హంగేరీ దేశపు విద్వాంసుడు కొడాయి జోల్తాన్ గారు తమ పల్లెల పాటలను ఊరూరా తిరిగి సేకరించి, ఆ మాతృభాషా గీతములే బడిలో సంగీతమునకు పునాది కావలెనన్నారు. 1950లో కెచ్కెమేత్ అనే పట్టణములో ప్రతిదినము పాట ఉండే ప్రాథమిక పాఠశాల వెలసినది. 1975లో అదే పట్టణమున సంగీతోపాధ్యాయులకు విద్యాలయము ఏర్పడినది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గులో కార్ల్ ఓర్ఫ్ గారి పద్ధతి నేర్పుటకు 1961లో మరొక విద్యాలయము పుట్టినది. స్వరములను చేతి సంజ్ఞలతో చూపుట అక్కడి బడులలో ఒక పద్ధతి. మన సామవేదులు స్వరములను వ్రేళ్ళ మీద చూపుట మీరెరుగుదురు. దేశములు వేరైనా కిటుకు ఒక్కటే: చెవికి చేయి తోడు కావలెను.

మన తెలుగువారిలో ఇటువంటి పని చేసినవారు లేరా? ఉన్నారు. బరంపురమున జన్మించిన న్యాయపతి రాఘవరావుగారు, వారి సతీమణి కామేశ్వరిగారు మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలై ఎందరి చేతనో పాడించినారు, ఆడించినారు. 1945లో ‘బాల’ పత్రికను నడుపనారంభించినారు. వారిద్దరూ ప్రవాసపు నేల మీద నిలిచి తెలుగు పిల్లలకు పాట అందించినారన్నది మనము గుర్తుంచుకొనవలెను.

ఇక ఆ శిక్షణలో ఏమి ఉండవలెనో మనవి చేస్తాను.

మొదటిది, శ్రుతి. మన స్త్రీలు సాధారణముగా అయిదు, అయిదున్నర శ్రుతిలో పాడుతారు. ఆ షడ్జము పసివాని గొంతుకు బాగా కిందిది; అందుకొనలేక వాడు గొణుగుతాడు, మనము ‘వీడికి పాట రాదు’ అంటాము. నాలుగైదేండ్ల పిల్లల గొంతుకు సుఖమైన స్థలము సుమారుగా హార్మోనియము మధ్యస్థాయిలో రెండవ తెల్లమెట్టు నుండి ఆరవ తెల్లమెట్టు దాకా. రెండవ మెట్టును షడ్జముగా పెట్టుకొని, షడ్జ పంచమముల నడుమ నడిచే పాట ఎన్నుకొంటే, రాదన్న పిల్లలలో చాలామంది పాడుతారు. మగ పంతుళ్ళ గొంతు ఒక స్థాయి కిందుగా పలుకుతుంది గనుక వారు వేణువుతోనో, పాడగల పిల్ల గొంతుతోనో శ్రుతి చూపవలెను.

రెండవది, పాట ఎన్నిక. చిన్న పాట, తిరిగి తిరిగి వచ్చే పల్లవి, బిడ్డ ఎరిగిన వస్తువు. సినిమా పాట వద్దనను; కాని దాని విస్తీర్ణము పెద్దవారి గొంతుకు కట్టినది.

మూడవది, చెప్పే తీరు. మొదట పాట అంతా తాను పాడి వినిపించవలెను, ఒకసారి కాదు, మూడుసార్లు. తరువాత ఒక్కొక్క చరణమును తాను అని పిల్లల చేత అనిపించవలెను. వారు పాడేటప్పుడు తాను ఆగి వినవలెను. తన గొంతు ఆపకుండా పాడే పంతులమ్మకు పిల్లల గొంతు వినిపించదు.

నాలుగవది, శ్రుతి కలియని పిల్ల. ఆ పిల్లను ‘నోరు మూసుకో’ అనరాదు. ఈ ఒక్క మాట నేర్పుటకైనా శిక్షణ పెట్టవచ్చును. నాలుగేండ్లకు శ్రుతి కలియని పిల్లలు ఎందరికో ఏడెనిమిదేండ్లకు కలుస్తుంది, ఈలోగా పాడుట మానకపోతే. ఒక్క మాటతో నోరు మూసుకొన్న బిడ్డ ఏండ్ల తరబడి తెరువదు. మన బడిలో ఆ బిడ్డ పోగొట్టుకొనేది పాటనే కాదు, తెలుగు పలికే ధైర్యమును కూడ.

అయిదవది, తన గొంతును కాపాడుకొనుట. దినమంతా అరచి పాఠము చెప్పే పంతులమ్మకు సాయంత్రమునకు గొంతు బొంగురుపోతుంది. అరవకుండా చప్పట్లతో, సంజ్ఞతో, ఒక కూనిరాగముతో తరగతిని నిశ్శబ్దపరచుట కూడ సంగీత శిక్షణలోని పాఠమే.

ఇదంతా ఒకనాటి సభతో, శాలువాతో, యోగ్యతాపత్రముతో అయ్యే పని కాదు. వినుట, తన తరగతిలో చేసి చూచుట, తిరిగి వచ్చి చెప్పుకొనుట, తోటివారి తరగతికి పోయి కూర్చుండుట, ఈ నాలుగును చక్రము వలె తిరుగవలెను. 2020 జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏటా కనీసము 50 గంటలు వృత్తి శిక్షణ పొందవలెనన్నది. అది ప్రభుత్వముల లెక్క. మన లెక్క చిన్నది: నెలకు రెండు ఆదివారములు, పూటకు 2 గంటలు. ఏడాదికి 48 గంటలు అవుతాయి. ఒక హార్మోనియము, ఒక శ్రుతిపెట్టె, ఒక నోటుపుస్తకము చాలును. ఆ నోటుపుస్తకములో మన ముసలమ్మల వద్ద ఉన్న జోలలు, ఆటపాటలు వ్రాసి, వారి గొంతుతోనే ఫోనులో పట్టి ఉంచవలెను. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయదగినది కాదు. పాటలు తెలిసినవారు ఏటికేడు తగ్గుతున్నారు.

మరొక మనవి. సంవత్సరాదికి పాటల పోటీ పెట్టి ముగ్గురికి బహుమతులు ఇస్తున్నాము. ఇవ్వండి. దానితోపాటు ఒక పాట బడిలోని పిల్లలందరూ కలిసి పాడేది ఉండనివ్వండి. అందులో ఎవరికీ బహుమతి వద్దు. వెనుక వరుస అంటూ లేకుండ గుండ్రముగా నిలబెట్టండి.

“మాకు గొంతు లేదండీ” అనే తల్లులకు చివరగా ఒక మాట. బిడ్డను ఉయ్యాలలో వేసిననాడు మీరు ఎవరినీ అడిగి జోల పాడలేదు. బిడ్డ మీ గొంతుకు వంకపెట్టలేదు, నిద్రపోయినది. ఆ గొంతే పెట్టుబడి. దానికి కొంచెము శ్రుతి, కొంచెము లయ, కొంచెము పద్ధతి చేర్చుటకే ఈ శిక్షణ. ముందుకు వచ్చేవారు పదిమంది పేర్లు ఈ రాత్రికే కార్యదర్శిగారి వద్ద వ్రాయించండి. మొదటి ఆదివారము శ్రుతి కలుపుటకు నేను వస్తాను.