గద్యలోని పేరు



నేడు కాటారంలో జడభరతోపాఖ్యానం చెప్పుకొన్నాము. సింధుసౌవీరాధిపతియైన రహూగణుని పల్లకి మోయుటకు ఒక బోయీ తక్కువై, దారిలో కనబడిన భరతుని పట్టి తెచ్చారు. ఆయన నేలమీది ప్రాణులను త్రొక్కకుండ చూచి చూచి అడుగు వేయగా పల్లకి ఊగింది. "పాపం, చిక్కిపోయావే!" అని రాజు ఎగతాళి చేశాడు. చిక్కుట, బలియుట దేహానికి, మోసేదెవరు, మోయించుకొనేదెవరు? ఆ మాటకు రాజు పల్లకి దిగి సాష్టాంగపడ్డాడు.

ఇది విని "ఆహా, పోతన!" అంటాము. జనగామ జిల్లాలోని బమ్మెర మనకు పరాయి ఊరు కాదు గనుక ఆ అభిమానం సహజమే. కాని ఈ పంచమస్కంధం తెనిగించినది గంగనార్యుడు. పోతనగారి భాగవతంలో కొంత శిథిలం కాగా ఈయన ఇది పూరించాడు. షష్ఠం సింగయ, చివరి రెండు స్కంధాలు శిష్యుడు నారయ పూరించారు. స్కంధాంత గద్యలలో వారి పేర్లున్నవి. మనం గద్య చదవము, అంతే!

పేరు నిలుచుట అదృష్టం. అదృష్టమనగా కంటికి కనబడని కర్మఫలమని శాస్త్రం, లాటరీ కాదు. తనచేత చెప్పించినది శ్రీరాముడేనని పోతనగారే తప్పుకొన్నారు. "నేను" అనునది దేహం కాదని తెలుగులో పలికిన గంగనగారికి పేరు పోయిన చింత ఉండునా? ఉండదనే నా తలంపు. కాని అభిమానం విడువవలసినది కర్త. ఆయన పేరు విడిచే అధికారం శ్రోతలకు లేదు.

రేపు అజామిళోపాఖ్యానం, సింగయగారిది. గద్యతోసహా చదువుదాము.