మన బడిలో ఆ బిడ్డకు చోటుందా?



మన విద్యాసంస్థలను మనమే స్థాపించి నిర్వహించుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చింది. ఆ హక్కుతో నడిచే బడిలో చూపు లేని బిడ్డకు, వినబడని బిడ్డకు, నిదానంగా నేర్చుకునే బిడ్డకు చోటుందా అన్నది నేటి ప్రశ్న.

విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతటితో బాధ్యత తీరిందనుకోరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వేరు. ప్రభుత్వ నిధులో, గుర్తింపో పొందిన విద్యాసంస్థలన్నీ ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకొని, వారి అవసరాన్ని బట్టి ఏర్పాట్లు చేయాలని దాని 16వ సెక్షన్ ఉద్దేశం. మైనారిటీ సంస్థలకు ఆ సెక్షన్‌లో మినహాయింపు లేదు. 40 శాతం, అంతకుమించి వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఇంటి దగ్గరి బడిలో గాని, ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కుంది. ఆ ఎంపిక బిడ్డది, ప్రధానోపాధ్యాయునిది కాదు.

తరగతిలో చేయవలసిన పనులు చాలావరకు ఖర్చులేనివే. ఉపాధ్యాయుడు బోర్డువైపు తిరిగి మాట్లాడితే, పెదవుల కదలికను చూసి గ్రహించే బిడ్డకు ఆ పాఠం పోయినట్టే. బోర్డుపై రాసినది పైకి చదివితే చూపు లేని బిడ్డకూ అందుతుంది. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ కోసం తరగతిని కింది అంతస్తుకు మార్చవచ్చు. ర్యాంపుకు డబ్బు లేదనే కమిటీలు గేటుపై కమాను మాత్రం కట్టించుకుంటాయి!

అసలు చిక్కు భాషలో ఉంది. మన పిల్లలు ఎందరికో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఇంటి భాషలో పరీక్షించకుంటే, తెలుగు రాని బిడ్డపై మందబుద్ధి అన్న ముద్ర పడుతుంది. నిజంగా సాయం కావలసిన బిడ్డను ‘భాష రాలేదులే’ అని వదిలేస్తారు. ఉర్దూ తెలిసిన ప్రత్యేక ఉపాధ్యాయులు కావాలన్న కోరిక మన వినతిపత్రాల్లో ముందువరుసలో ఉండాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. అక్కచెల్లెళ్ల సంబంధాలు చెడతాయేమోనని కొందరు బిడ్డకు వైకల్య ధ్రువపత్రమే తీసుకోరు. మదీనాలో అజాన్ పలికిన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అంధులని మరచామా?

ప్రవేశం నిరాకరిస్తే కారణాన్ని కాగితంపై అడగండి. జిల్లా విద్యాశాఖ కార్యాలయంలోని నోడల్ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తేలకుంటే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌ను ఆశ్రయించండి. నకలుపై అందినట్టు ముద్ర వేయించుకోవడం మరువకండి.