నిజామాబాద్ అమ్మాయి గోల్, కలకత్తా క్లబ్‌కి కప్పు: ఈస్ట్ బెంగాల్ మహిళల సీజన్ కథ

ఈరోజు క్రికెట్ గురించి కాదు. వెళ్లిపోకండి, ఆగండి. ఒక ఫుట్‌బాల్ సీజన్ కథ చెప్తాను. అందులో మన తెలంగాణ అమ్మాయి ఒకరు ఉన్నారు. ఆ అమ్మాయి గోల్‌తోనే ఒక నూట ఐదేళ్ల క్లబ్‌కి కప్పు ఖాయమైంది. అయినా మనలో చాలామందికి ఆమె పేరు కూడా తెలీదు. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా, తండాలో పుట్టి పెరిగిన అమ్మాయి.

ముందు లీగ్ సంగతి. ఇండియన్ విమెన్స్ లీగ్ అని ఒకటుంది. షార్ట్‌గా ఐడబ్ల్యూఎల్. అమ్మాయిల ఫుట్‌బాల్‌లో మన దేశంలో ఇదే టాప్ లీగ్. ఐఎస్ఎల్ తెలుసు కదా, అది అబ్బాయిలది. ఈ ఐడబ్ల్యూఎల్ మొదలైంది 2016-17 సీజన్‌లో. మొదట్లో దీన్ని లీగ్ అనడానికి కూడా లేదండీ. టీములన్నిటినీ ఒక ఊరికి పిలిచేవాళ్లు. రెండు మూడు రోజులకో మ్యాచ్, కొన్ని వారాల్లో మొత్తం క్లోజ్. పెళ్లి భోజనాల్లా, ఒక బంతి లేవగానే ఇంకో బంతి. అమ్మాయిల కాళ్లకి రెస్ట్ ఎక్కడ? మరి క్లబ్‌కి సొంత ఊళ్లో అభిమానులెలా పుడతారు?

2023-24లో ఇది మారింది. హోమ్, అవే. అంటే మీ ఊళ్లో ఒకసారి, మా ఊళ్లో ఒకసారి. నేను చెప్పే సీజన్ ఆ తర్వాతది, 2024-25. మొత్తం 8 టీములు, ఒక్కొక్కరికి 14 మ్యాచ్‌లు. కేరళ నుంచి గోకులం, బెంగళూరు నుంచి కిక్‌స్టార్ట్, తమిళనాడు నుంచి సేతు, ఒడిశా నుంచి ఒడిశా ఎఫ్‌సీ, నీతా అకాడమీ, ఢిల్లీ నుంచి హాప్స్, కలకత్తా నుంచి శ్రీభూమి, ఈస్ట్ బెంగాల్. లెక్క చూశారు కదా. మన రెండు రాష్ట్రాల నుంచి ఒక్క టీము కూడా లేదు. దీని గురించి మళ్లీ మాట్లాడదాం.

ఈస్ట్ బెంగాల్ ఎవరో తెలీని వాళ్ల కోసం రెండు ముక్కలు. 1920లో పుట్టిన క్లబ్. ఎరుపు, పసుపు జెర్సీ. తూర్పు బెంగాల్ నుంచి వలసొచ్చిన జనం గుండెల్లో పెట్టుకున్న టీము. వాళ్లు గెలిస్తే ఆ రోజు ఇంట్లో ఇలీష్ చేప వండాల్సిందే. ఇలీష్ అంటే ఎవరనుకున్నారు, మన గోదావరి పులసే! మనకీ ఆ క్లబ్‌కీ చుట్టరికం అంతటితో అయిపోలేదు. 1950ల నాటి ఈస్ట్ బెంగాల్ ఫార్వర్డ్ లైన్‌ని పంచ పాండవులు అనేవారు, అందులో అప్పారావు ఒకరు. తర్వాత మన హైదరాబాద్ మహమ్మద్ హబీబ్. కలకత్తాలో పాత తరం వాళ్ల ముందు ఆ పేరెత్తి చూడండి, టీ ఇప్పించి మరీ మాట్లాడతారు.

కానీ ఇంత పేరున్న క్లబ్‌కి జాతీయ లీగ్ కప్పు 2003-04 తర్వాత అప్పటిదాకా రాలేదు. అబ్బాయిల టీము ఏటా ప్రయత్నిస్తూనే ఉండేది. ఇరవై ఏళ్లు దాటిపోయింది. అంటే అప్పటికి కాలేజీలో ఉన్న ఈస్ట్ బెంగాల్ ఫ్యాన్, తన టీము దేశంలో నంబర్ వన్ అవ్వడం పుట్టాక చూడలేదు. ఇక అమ్మాయిల టీము అంతకుముందు సీజన్లో పట్టికలో అడుగున కొట్టుకుంటూ ఉంది. వాళ్ల మీద ఎవరికీ ఆశ లేదు.

అప్పుడు క్లబ్ ఒక తెలివైన పని చేసింది. ఆంటొనీ ఆండ్రూస్ అనే కోచ్‌ని తీసుకొచ్చింది. గోకులం కేరళకి 2021-22లో, 2022-23లో వరసగా ఇదే లీగ్ గెలిపించిన మనిషి. కోచ్ ఒక్కడు వస్తే ఏమవుతుంది? ఇక్కడే క్లబ్‌ని మెచ్చుకోవాలి, ప్లేయర్ల మీద కూడా ఖర్చు పెట్టారు. గోల్ దగ్గర మణిపూర్ అమ్మాయి పాంథోయ్ చాను. డిఫెన్స్‌లో స్వీటీ దేవి. మధ్యలో సంగీతా బస్ఫోర్. ముందు ఘనా నుంచి ఎల్షద్దాయ్ అచెయాంపాంగ్, ఉగాండా నుంచి రెస్టీ నంజిరి. వింగ్ మీద మన సౌమ్య.

సౌమ్య గురించి కాస్త ఆగి చెప్తాను. చిన్నప్పుడు నిజామాబాద్‌లో ఒక లోకల్ అకాడమీలో బాల్ పట్టింది. జిల్లా స్థాయి గ్రౌండ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. అక్కడి నుంచి అండర్ ఏజ్ ఇండియా టీములు, తర్వాత సీనియర్ ఇండియా జెర్సీ. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్‌తో కాంట్రాక్ట్ రాసుకుంది. తండా నుంచి జాగ్రెబ్! ఇది సినిమాలో పెడితే ఓవర్ అంటాం. అప్పుడు మన టీవీల్లో రెండు నిమిషాలు వేశారు, అంతే, మర్చిపోయారు.

ఇప్పుడు సీజన్‌కి వద్దాం. 2025 జనవరిలో మొదలైంది. ఈస్ట్ బెంగాల్ మొదటి నుంచీ పైనే ఉంది. 14 మ్యాచ్‌ల లీగ్‌లో ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ సెమీస్, ఫైనల్ లేవు. ప్రతి మ్యాచ్‌కీ పాయింట్లే, గెలిస్తే 3, డ్రా అయితే 1. రెండు వారాలు ఫామ్ పోతే మళ్లీ ఎక్కడానికి మెట్లు ఉండవు. వెనకాల గోకులం తరుముతోంది. వాళ్లకి ఫజీలా ఇక్వాపుట్ ఉంది. ఉగాండా స్ట్రైకర్, ఆ సీజన్లో 24 గోల్స్ కొట్టింది. మళ్లీ చెప్తున్నా, 14 మ్యాచ్‌ల లీగ్‌లో 24 గోల్స్! అయినా గోకులంకి కప్పు రాలేదు. ఎందుకంటే ఈస్ట్ బెంగాల్ ఒక్కరి మీద నడవలేదు. ఎల్షద్దాయ్ కొట్టకపోతే సౌమ్య, సౌమ్య కొట్టకపోతే రెస్టీ. సౌమ్య ఖాతాలో 9 గోల్స్, అదీ వింగ్ మీద ఆడుతూ.

కప్పు తేలిన మ్యాచ్ ఏప్రిల్లో, కల్యాణిలో జరిగింది. కల్యాణి అంటే కలకత్తాకి కొంచెం దూరంలో ఉన్న ఊరు. సంగీతా బస్ఫోర్ సొంత ఊరు కూడా అదే. ఎదురుగా ఒడిశా ఎఫ్‌సీ, అంతకుముందు ఏడాది ఛాంపియన్లు. ఫస్ట్ హాఫ్‌లో గోల్ లేదు. ఇలాంటి రోజు కాళ్లు బరువెక్కుతాయి కదా, ఇంకొక్క అడుగే అని తెలిసినప్పుడు మరీనూ. సెకండ్ హాఫ్‌లో సౌమ్య గోల్ కొట్టింది. 1-0. ఇంకేం గోల్స్ పడలేదు. ఈస్ట్ బెంగాల్ ఛాంపియన్. బెంగాల్ నుంచి ఐడబ్ల్యూఎల్ గెలిచిన మొదటి క్లబ్ ఇదే. క్లబ్‌కి ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత జాతీయ లీగ్ కప్పు, అదీ అమ్మాయిల చేతుల మీదుగా.

ఆ ఏడాది ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఇచ్చే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా సౌమ్యకే వచ్చింది.

ఇంకో పక్క చూడండి. ఆ ఓడిపోయిన ఒడిశా, నిన్నటి ఛాంపియన్, ఆ సీజన్ చివరికి కింది డివిజన్‌కి పడిపోయింది. ఒక్క ఏడాదిలో! ఆ ఛాంపియన్ టీముకి కోచ్‌గా ఉన్న క్రిస్పిన్ ఛెత్రి తర్వాత ఇండియా కోచ్ అయ్యారు, 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఆసియా కప్‌కి క్వాలిఫై అయ్యారు. ఆ రెండు గోల్సూ కొట్టింది ఎవరు? కల్యాణి అమ్మాయి సంగీతే. క్లబ్‌లో రోజూ గట్టి మ్యాచ్‌లు ఆడితే దేశం టీముకి ఏం లాభం అని అడిగేవాళ్లకి ఇది చూపించండి.

లీగ్ గెలిస్తే వచ్చే పెద్ద బహుమతి కప్పు కాదు, ఆసియా టికెట్. ఇక్కడ ఒక పాత గాయం ఉంది. 2022 ఆగస్టులో గోకులం అమ్మాయిలు ఇలాగే లీగ్ గెలిచి, ఆసియా క్లబ్ టోర్నీ కోసం ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్‌లో దిగారు. సరిగ్గా అప్పుడే ఫిఫా మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది. కారణం ఆఫీసుల్లో పెద్దవాళ్ల గొడవలు. శిక్ష మాత్రం హోటల్లో కూర్చున్న అమ్మాయిలకి. ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. నెల తిరక్కుండానే సస్పెన్షన్ ఎత్తేశారు. టోర్నీ మాత్రం పోయింది. ఏడాదంతా కష్టపడి సంపాదించిన టికెట్ అది. ఒక ప్లేయర్ కెరీర్లో అలాంటివి ఎన్ని వస్తాయి చెప్పండి?

మూడేళ్ల తర్వాత అదే ఆగస్టులో ఈస్ట్ బెంగాల్ కంబోడియా వెళ్లింది. ఈసారి ఆడనిచ్చారు! నామ్ పెన్ క్రౌన్ మీద 1-0 గెలుపు, హాంకాంగ్ క్లబ్ కిట్చీతో 1-1 డ్రా, మెయిన్ గ్రూప్‌లోకి ఎంట్రీ. అప్పటికి ఆ ఫజీలా ఈస్ట్ బెంగాల్‌లోకి వచ్చేసింది, ఎదుటి వాళ్ల దగ్గరున్న కత్తిని కొనుక్కున్నట్టు. నవంబర్లో చైనాలోని వుహాన్‌లో గ్రూప్ మ్యాచ్‌లు. ఇరాన్ ఛాంపియన్ బామ్ ఖాతూన్‌ని 3-1తో కొట్టారు. తర్వాత వుహాన్ చేతిలో 0-2, ఉజ్బెక్ క్లబ్ నసాఫ్ చేతిలో 0-3. ఇంటికొచ్చేశారు. క్వార్టర్స్ రాలేదు, నిజమే. కానీ వుహాన్ అంటే అప్పటికి ఆసియా ఛాంపియన్. ఆ స్కోరుకి సిగ్గుపడాల్సింది ఏం లేదు.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి. 2024-25 సీజన్లో జనవరి నుంచి ఏప్రిల్ వరకే లీగ్ నడిచింది. మిగతా ఎనిమిది నెలలు? ఇండియా టీములో ఉన్నవాళ్లకి క్యాంపులుంటాయి. సంగీతకి సశస్త్ర సీమా బల్‌లో ఉద్యోగం ఉంది. మిగిలిన అమ్మాయి ఏం చేస్తుంది? ఇంటికెళ్తే మొదటి ప్రశ్న సంబంధాల గురించి, రెండో ప్రశ్న జీతం గురించి. 14 మ్యాచ్‌లతో ఏ ప్లేయరూ పెరగదు. అబ్బాయిలైనా పెరగరు. టీములు పెంచాలి, నెలలు పెంచాలి. దీనికి ఎవరో మేధావి రిపోర్ట్ రాయక్కర్లేదు, క్యాలెండర్ చూస్తే చాలు.

ఇక మన సంగతి. సౌమ్య గోల్ కొడితే కల్యాణిలో బెంగాలీలు గెంతారు. ఆమె మన దగ్గరే ఉండి ఆడాలంటే ఏ క్లబ్‌కి ఆడాలి? ఆ ఎనిమిదిలో మనది లేదు కదా. నిజామాబాద్‌లో, అనంతపురంలో బాల్ తన్నే పదమూడేళ్ల అమ్మాయి ఈరోజు టాప్ లీగ్ కల కనాలంటే, ముందు రైలెక్కి వేరే రాష్ట్రం వెళ్లే కల కనాలి. అందరి ఇళ్లల్లో ఆ రైలు ఎక్కనిస్తారా? మీ ఇంట్లో చెల్లి అడిగితే ఏమంటారు, నిజంగా చెప్పండి. కింద కామెంట్లో రాయండి. మీ జిల్లాలో అమ్మాయిలకి ఫుట్‌బాల్ నేర్పే గ్రౌండ్ ఏదైనా ఉంటే ఊరి పేరు కూడా పెట్టండి. ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నీ కలిపి వచ్చే వారం చదువుతాను.