బలమునకు తైబందీ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమున వార్తాపత్రికల బల్ల చుట్టు చేరు యువకులలో తరచుగా ఒక వాదము చెలరేగుచుండును. అగ్రశ్రేణి క్రీడాకారుడు ఒకే సంవత్సరమున వచ్చిన గొప్ప పోటీలన్నిటియందును పాల్గొనవలెనా, లేక కొన్నిటిని విడిచి కొన్నిటికై తన బలమును దాచుకొనవలెనా? ఆడనివానిని భయపడినాడని ఆక్షేపించువారు కొందరు. ఆడి ఓడినవానిని ఆశపడినాడని నిందించువారు మరికొందరు. రెండును తొందరపాటు తీర్పులే. వానిని ప్రక్కన బెట్టి విషయమును మొదటినుండి విచారించుట మేలు.

ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగా కానవచ్చునది ఐరోపా ఖండపు సైకిలు పందెములలో. అచ్చట మహాయాత్రలు అనదగిన పందెములు మూడు కలవు. ఫ్రాన్సు యాత్ర 1903లోను, ఇటలీ యాత్ర 1909లోను, స్పెయిన్ యాత్ర 1935లోను ఆరంభమైనవి. ఒక్కొక్కటి మూడు వారములు సాగును. ఇరువదియొక్క దినములు పందెము, నడుమ రెండు దినములు విశ్రాంతి. త్రొక్కవలసిన దూరము ఇంచుమించు 3,400 కిలోమీటర్లు. అనగా మెదకునుండి హైదరాబాదునకు పదునేడు మారులు పోయి వచ్చినంత. అదియును చదునైన బాట కాదు. ఆల్ప్స్ వంటి మహాపర్వతముల నెక్కి దిగు బాట.

ఒకే సంవత్సరమున ఇటలీ, ఫ్రాన్సు యాత్రలు రెండింటిని గెలిచిన మొదటివాడు ఇటలీ దేశస్థుడగు ఫాస్టో కోపీ. అది 1949వ సంవత్సరము. నాటినుండి 2024 వరకు ఆ ఘనత సాధించినవారు ఎనమండ్రు మాత్రమే. 1998లో మార్కో పాంటానీ గెలిచిన పిమ్మట ఇరువది యారు సంవత్సరములు ఎవ్వరికిని అది సాధ్యము కాలేదు. 2024లో స్లొవేనియా దేశపు తదేయ్ పొగాచర్ రెండింటిని గెలిచెను. అయితే ఆతడు ఆ యేట స్పెయిన్ యాత్రకు పోలేదు. దానిని విడిచి, సెప్టెంబరు మాసాంతమున జ్యూరిక్ నగరమున జరిగిన ప్రపంచ విజేత పందెమును గెలిచెను. ఇక మూడు యాత్రలను ఒకే సంవత్సరమున గెలిచినవాడు 2025 వరకు ఒక్కడును లేడు.

దీనికి ఎదురు దృష్టాంతమును కలదు. అమెరికా దేశస్థుడగు సెప్ కస్ 2023లో మూడు యాత్రలను పూర్తి చేసి, మూడవదానిని తానే గెలిచెను. కాని మొదటి రెండింట ఆతడు నాయకుడు కాడు, సహాయకుడు. తన జట్టు నాయకునికి గాలి తగులకుండ ముందు నడిచి, పర్వతములపై తోడు నిలిచి, పని తీరిన పిమ్మట తన వేగమును తగ్గించుకొను అవకాశము ఆతనికి కలదు. కావున ఎన్ని పోటీలు అను లెక్క ఒక్కటియే చాలదు. ఏ పోటీలో ఎంత బరువు మోసెను అను లెక్కయు కావలెను.

తెలుగునాట ఇట్టి సైకిలు యాత్రలు లేవు. కాని ఇదే చిక్కు బ్యాడ్మింటన్ ఆటలో తెలుగు క్రీడాకారుల ఎదుట నిలిచినది. 2017 ఆగస్టు 27న గ్లాస్గో నగరమున ప్రపంచ విజేత పోటీలో హైదరాబాదు వాస్తవ్యురాలు పూసర్ల వెంకట సింధు జపాను దేశపు నొజోమి ఒకుహరాతో 110 నిమిషములు పోరాడి 19–21, 22–20, 20–22 తేడాతో ఓడెను. మూడు వారములు గడచినవి. సెప్టెంబరు 17న కొరియా దేశమున అదే ఒకుహరాను అంతిమ పోటీలో సింధు ఓడించెను. ఆ విజయము పాతబడకమునుపే, ఆ వారమే, జపాను పోటీలో రెండవ మెట్టునందే అదే ఒకుహరా చేతిలో 18–21, 8–21 తేడాతో ఓడిపోయెను. ఒక్క ఓటమిని చూపి అలసటయే కారణమని తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఒకుహరాయును అలసినదే. అయినను వారమునకొక దేశమున, వారమునకొక పోటీ ఆడు జీవితము ఎట్టిదో ఈ మూడు ఆటలే తెలుపుచున్నవి.

గుంటూరు వాడగు కిడాంబి శ్రీకాంత్ చరిత్రయు గమనింపదగినది. 2017లో ఆతడు జూన్ నెలలో ఇండోనేషియా, ఆస్ట్రేలియా పోటీలను వరుస వారములలో గెలిచెను. అక్టోబరులో డెన్మార్కు, ఫ్రాన్సు పోటీలను మరల వరుస వారములలో గెలిచెను. దేశమంతయు పొంగిపోయెను. నవంబరు మొదట నాగపురమున జాతీయ పోటీలలో ఆడుచు కాలి కండరమునకు దెబ్బ తగిలించుకొని, చైనా పోటీనుండి విరమించెను. 2018 ఏప్రిలులో ఆతడు ప్రపంచమున ప్రథమస్థానము నందుకొనెను. ఆ సంవత్సరముననే ప్రపంచ బ్యాడ్మింటన్ సంఘము వారు ఒక నియమమును అమలు చేసిరి. వ్యక్తిగత పోటీలలో మొదటి పదునైదు స్థానములయందున్నవారు ఏడాదికి కనీసము పండ్రెండు పెద్ద పోటీలు ఆడి తీరవలెననుట దాని సారము. ఇవి గాక ప్రపంచ విజేత పోటీలు, ఆసియా క్రీడలు, కామన్వెల్తు క్రీడలు వేరుగా ఉండనే ఉన్నవి. ఆ యేటి పంచాంగము అతిభారమని పలువురు క్రీడాకారులు బహిరంగముగనే పలికిరి.

అన్ని పోటీలు ఆడవలెనను పక్షమువారి మాటలు కొట్టివేయదగినవి కావు. క్రీడాకారుని పదవీకాలము స్వల్పము. ముప్పది యైదేండ్లకు అది ముగియును. ఆర్జించుట, కీర్తి సంపాదించుట ఆలోపలనే జరుగవలెను. మేటి ఆటగాండ్రు రాని పోటీ వెలవెలబోవును. చీటీ కొని వచ్చిన ప్రేక్షకుడు నష్టపోవును. అదిగాక ఎడతెగని పోటీయే కొందరికి పదును పెట్టును. 2025లో ఇంగ్లండున జరిగిన ఐదు టెస్టు క్రికెట్ పోటీలలో జస్‌ప్రీత్ బుమ్రా వెన్నునొప్పి చరిత్ర కారణముగా, ముందు నిర్ణయించినట్లు, మూడింటనే ఆడెను. హైదరాబాదు వాడగు మహమ్మద్ సిరాజ్ ఐదింటను ఆడెను. 185 ఓవర్లకు పైగా బంతులు వేసి 23 వికెట్లు తీసెను. ఆగస్టు 4న ఓవల్ మైదానమున, బుమ్రా లేని వేళ, కడపటి వికెట్టును పడగొట్టి ఆరు పరుగుల తేడాతో భారతమునకు విజయము చేకూర్చెను.

అయితే ఈ కథలో ఒక మర్మము కలదు. ఆ ఐదు పోటీలు 46 దినములలో విస్తరించినవి; నడుమ ఒకచోట ఏడు దినములు, మరియొకచోట ఎనిమిది దినములు విరామము లభించెను. విరామమే సిరాజునకు కనబడని సహాయకుడు. శరీరధర్మము ఇట్టిది: కండరము గాని, ఎముక గాని శ్రమవేళ బలపడదు. శ్రమవేళ అది సూక్ష్మముగా దెబ్బతినును. విశ్రాంతివేళ ఆ దెబ్బను పూడ్చుకొని మునుపటికంటె గట్టిపడును. పూడ్చుకొను వ్యవధి లేకుండ బరువు మీద బరువు పడినచో, సన్నని నెఱ్ఱె పెద్ద పగులగును. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామున కామన్వెల్తు స్వర్ణమును సింధు గాయపడిన ఎడమ కాలితోనే గెలిచెను. పిమ్మట పరీక్షింపగా ఎముకయందు పగులు తేలెను. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ విజేత పోటీకి ఆమె పోజాలలేదు. మరల పోటీకి దిగుటకు 2023 జనవరి రావలసి వచ్చెను. స్వర్ణము నిజము, పగులును నిజము. ఆ బేరము సరియైనదో కాదో చెప్పదగినది ఆమె ఒక్కతెయే.

ఇచ్చట భారతకథ స్మరణీయము. కర్ణుడు సహజ కవచకుండలముల నిచ్చి ఇంద్రునివలన శక్తిని పొందెను. అది ఒక్కమారు మాత్రమే పనిచేయునది. దానిని అర్జునునకై దాచియుంచెను. పదునాలుగవనాటి రాత్రి యుద్ధమున ఘటోత్కచుడు చెలరేగగా కౌరవసేన హాహాకారము చేసి, ఆ శక్తిని ప్రయోగింపుమని కర్ణుని వేడుకొనెను. కర్ణుడు ప్రయోగించెను; ఘటోత్కచుడు కూలెను. కాని అర్జునుడు ఎదురుపడిన పదునేడవనాడు కర్ణుని చేత ఆ శక్తి లేదు. కర్ణుని శక్తిని వ్యయపరచినవారు శత్రువులు కారు, స్వపక్షమువారే. క్రీడాకారుని బలమును కరగించునదియు పెక్కుమారులు ప్రతిపక్షి కాదు. ఈ పోటీ కూడ గెలువుమని కేకలు వేయు అభిమానులే.

అదే రాత్రి మరియొక ఘట్టము కలదు. సేనలు నిద్రమత్తున తూలుచుండ, చంద్రోదయము వరకు యుద్ధభూమియందే విశ్రమింపుడని అర్జునుడు పలికెను. ఉభయసేనలును ఆతనిని దీవించినవి. వీరులలో వీరుడు పలికిన ఆ మాట పిఱికిదనమని ఎవ్వరును అనలేదు.

మెదకు ప్రాంతపు రైతులకు ఈ ధర్మము క్రొత్తది కాదు. మంజీరపై 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట కాలువల క్రింద గాని, ఊరి చెరువుల క్రింద గాని, వానకాలపు ఆబి పంట తరువాత యాసంగి తాబి పంటకు నీరు విడువవలసినపుడు ఏమి చేయుదురు? చెరువులో మిగిలిన నీటిని కొలుతురు. ఆ నీటికి తగినంత భూమికే తైబందీ చేయుదురు. రెండవ పంట వేయరాదని ఎవ్వరును అనరు. నిండిన చెరువు క్రింద బీడు పెట్టుట పాపమే. కాని సగము నీటితో ఆయకట్టంతయు నాటినచో, పొట్టకు వచ్చిన పైరు ఎండి, ఎవ్వరికిని గింజ దక్కదు. తైబందీ నారు పోయకమునుపే జరుగవలెను. పైరు ఎండిన పిమ్మట జరుగునది లెక్క కాదు, పంచనామా.

మహాయాత్రలైనను, బ్యాడ్మింటనైనను, క్రికెట్టైనను న్యాయము ఒక్కటే. నిండు చెరువు వంటి పొగాచరునకు రెండు పంటలు తగియుండెను; ఆతడే మూడవదానిని మానుకొనెను. ఆడుటయు మానుటయు రెండును గౌరవప్రదములే, కొలత ముందుగా జరిగియున్నయెడల. ఆ తూము క్రీడాకారుని చేతను, ఆతని గురువు చేతను, వైద్యుని చేతను ఉండవలెను. పోటీలు నడుపువారు పంచాంగమున ఖాళీ వారములు విడువవలెను. నిర్బంధ సంఖ్యలు విధించుటకు మారుగా, తక్కువ పోటీలు ఆడినవానికి స్థానభ్రంశము కలుగని ఏర్పాటు చేయవలెను.

ఇది ఆల్ప్స్ పర్వతములకు మాత్రమే చెందిన మాట కాదు. పల్లెలలో పండుగనాడు కబడ్డీలో కూతకు పోవు కుఱ్ఱడు ఒకడు గట్టివాడని తెలిసినచో, ఉదయము ఒక ఊరి జట్టు, మధ్యాహ్నము మరియొక ఊరి జట్టు వానిని పిలుచును. బడి తరఫున ఒకమారు, యువజనుల తరఫున ఒకమారు వాడే దిగవలెను. మోకాలు వాచినదని వాడు చెప్పినపుడు, ఈ ఒక్కటి ఆడుమని వీపు తట్టువారే ఎక్కువ. ఆ కుఱ్ఱని తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, చప్పట్లు కొట్టు పెద్దలును ఆ క్షణమున తూమును మూయగలిగినచో, వాడు పదేండ్లు ఆడును. మూయలేనిచో, ఒక పండుగకు మాత్రమే ఆడును.

కావున గ్రంథాలయ యువకులారా! ఇకమీదట పత్రికలో ఒక క్రీడాకారుడు ఒక పోటీని విడిచెనని చదివినపుడు, వెంటనే నిందింపక, చెరువులో నీరెంత కలదని ముందు అడుగుడు.

స్వస్తి.