ఈ యేటి నా యిష్టములు: ఒక గ్రంథము, ఒక యాత్ర, ఒక చలనచిత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గడచిన సంవత్సరమున చదివినవానిలో, చూచినవానిలో నాకు మిక్కిలి నచ్చినవేవియో చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రుచి యనునది ఎవరి నాలుకకు వారిదే. నాకు తీపియైనది మీకును తీపి కావలెనను నియమము లేదు. అయినను పంక్తిలో కూర్చున్నవాడు ప్రక్కవాని విస్తరివైపు చూచి, ఆ కూర బాగున్నదా యని యడుగుట లోకసహజము. ఆ చనువుతోనే నా విస్తరిలోని మూడు పదార్థములను మీకు చూపుదును.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన చెన్నపట్టణమున సుప్రీంకోర్టునందు దుబాసీగా నుండెడివారు. 1830వ సంవత్సరము మే 18వ తేదీన సపరివారముగ బయలుదేరి, తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగ కాశికి పోయి, గయ, కలకత్తా, పూరీ చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. అప్పటికి మన దేశమున రైలుబండి లేదు. పల్లకిబోయీల భుజములే వాహనములు.

ఈ గ్రంథము పుణ్యక్షేత్ర మాహాత్మ్యములతో నిండియుండునని తలచి తెరచువారికి ఆశ్చర్యము కలుగును. ఏ యూర మంచినీరు దొరకును, ఏ మజిలీలో సత్రమున్నది, ఏ బాట రాళ్లమయము, ఏ యేరు దాటుట కష్టము అను విషయములే అడుగడుగున కానవచ్చును. తరువాత రాబోవు బాటసారి పాదములయందు ఆయనకుండిన దయ ఆ వాక్యములలో నున్నది. నే నీ పుస్తకమును రాత్రికి ఒక్కొక్క మజిలీ చొప్పున చదివితిని.

అయితే ఈ గ్రంథము మనకు దక్కినదెట్లు? వీరాస్వామయ్యగారు దారి పొడుగున తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి తమ ప్రయాణ వృత్తాంతమును వ్రాసి పంపుచుండిరి. పిళ్లగారు వానిని భద్రపరచి, మిత్రుని మరణానంతరము 1838లో అచ్చువేయించిరి. ఒక మిత్రుడు కాగితములను పారవేయకుండుటచే తెలుగువారికొక గొప్ప యాత్రాగ్రంథము నిలిచినది.

ఈ యాత్రాకథ చదివిన పిమ్మట నాకును ప్రయాణము చేయవలెనను కోరిక పుట్టెను. కాశికి కాదు, తంజావూరునకు. వీరాస్వామయ్యగారి కాలమున తంజావూరి ప్రభువైన శరభోజి మహారాజు తానును కాశీయాత్ర చేసినవాడే. తెలుగు నాయకరాజుల నాడు అంకురించిన అచటి పుస్తక భాండాగారమును సరస్వతీ మహలుగా పెంచి పెద్దచేసిన విద్యాప్రియుడాయన. ఆ కోట ప్రాంగణములో సంస్కృతము, తమిళము, మరాఠీ, తెలుగు భాషల తాళపత్రములును, కాగితపు ప్రతులును భద్రముగ నున్నవి. కావేరీతీరమున తెలుగక్షరము పొందిన గౌరవమును తలచుకొని నా మనస్సు నిండినది.

తిరుగు ప్రయాణమున చెన్నై మీదుగ వచ్చుచు, చీరాల చెంతనున్న వేటపాలెమున దిగితిని. అచటి సారస్వత నికేతనమును ప్రభువులు కట్టలేదు. 1918లో ఆ యూరి యువకులు ప్రారంభించిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. అచట దాచియుంచిన పాత పత్రికల సంపుటములకొఱకు పరిశోధకులు దూరదేశములనుండి వచ్చుచుందురు.

రెండింటిని చూచినవానికి ఒక విశేషము తోచును. తంజావూరి రాజభాండాగారము ప్రజల గ్రంథాలయమైనదియు 1918లోనే. కోట తలుపులు ప్రజలకు తెరచిన యేటనే ఒక పల్లెటూరు తన తలుపులు తాను నిర్మించుకొన్నది. పుస్తకములు కూర్చుట రాజునకును సాధ్యమే, సామాన్యునకును సాధ్యమే. తలుపు తెరచియుంచుటయే అసలు దానము.

ఇక మూడవది సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలీ' చిత్రము. 1955లో విడుదలైన ఈ వంగచిత్రమును ఈ యేడు మా యింట టెలివిజనుమీద మరల చూచితిని. దీని కథ కూడ తలుపు తెరచుటకు సంబంధించినదే. 1993లో లండనునందు జరిగిన అగ్నిప్రమాదమున దీని మూలప్రతులు కాలి చెడిపోయినవి. నిపుణులు వానిని ఓర్పుతో బాగుచేయగా, 2015లో చిత్రము క్రొత్త వెలుగుతో లోకమునకు మరల వచ్చెను.

చిత్రమునకు మూలమైన విభూతిభూషణ బందోపాధ్యాయుల నవలను మద్దిపట్ల సూరిగారు తెలుగు చేసిరి. రెండింటిని ఒకదానివెంట నొకటి చదివి, చూచితిని. చిత్రమున దుర్గ, అపు అను అక్కాతమ్ములు తెల్లని రెల్లుపూల నడుమ పరుగెత్తిపోయి రైలుబండిని చూతురు. నవలలో దుర్గకు ఆ భాగ్యము లేదు. రైలు చూడవలెనను కోరికతోనే ఆ పిల్ల కన్నుమూయును. పిమ్మట ఊరు విడిచి రైలులో పోవుచున్న తమ్మునకు అక్క జ్ఞప్తికి వచ్చును. చిత్రకారుడు ఆ బాలికకు రైలు చూపి దయచూపెను. నవలాకారుడు చూపక మన గుండెలలో ముల్లు నాటెను. ఏది మేలన్న ప్రశ్నకు నాకు సమాధానము వలదు. ఆ ముల్లు మాత్రము నన్ను వదలలేదు.

సోదరులారా! మన గ్రంథాలయము తలుపు ఇరువదియైదేండ్లుగ తెరచియున్నది. అది సామాన్య విషయము కాదు. కాని సాయంకాలము బల్లలచుట్టు కూర్చున్నవారిని ఒక్కసారి పరికించుడు. మగవారమే యుందుము. పనులు తెమలక, చీకటిపడిన తరువాత ఇల్లు కదలరాక, పేరు చేర్పించువారు లేక, పుస్తకము ముఖము చూడని దుర్గలు మన వీధులలోనే యున్నారు. వారి చేతిలో సెల్‌ఫోను ఉండవచ్చును. మనసునకు నచ్చిన పుస్తకమును ఏరి చేతికిచ్చు మనిషి లేడు.

కావున నాదొక మనవి. పాతూరి నాగభూషణముగారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో పుస్తకములు తీసికొనిపోయి పల్లెలకు పంచిరి. మనకు కాలువ లేకపోవచ్చును, సైకిలు కలదు. వారమునకు రెండుదినములు మధ్యాహ్నవేళ బాలికలకు, స్త్రీలకు గ్రంథాలయమును ప్రత్యేకముగ తెరచియుంచుదము. రాజాలని వారి యింటికి ఇరువది పుస్తకముల సంచి పంపుదము. చినిగిన గ్రంథములకు ఏటేట బైండు చేయించుటకై ఈ రజతోత్సవ నిధిలో ఒక భాగము కేటాయింతము. మొదటి సంవత్సరపు బైండు ఖర్చు నేను భరింతును.

పిళ్లగారు జాబులు దాచిరి. వేటపాలెపు యువకులు పత్రికలు దాచిరి. నిపుణులు కాలిన ఫిల్మును బ్రతికించిరి. వారందరి శ్రమచేతనే ఈ యేడు నా కింత ఆనందము లభించినది. ఆ ఋణమును నేను వెనుకకు తీర్చలేను, ముందుకే తీర్పవలెను. రాబోవు యేట ఈ వేదికమీద మన యూరి యాడపడుచు ఒకతె నిలిచి, తనకు నచ్చిన పుస్తకమేదో చెప్పగా వినవలెనని నా కోరిక.